సద్దిమూటతో పుట్టే పాముపిల్ల

వానాకాలం పనులు మొదలయ్యాక సిద్దిపేట జిల్లా కోహెడ చుట్టుపక్కల ఊళ్లలో పాత గడ్డివాము కదిలించినప్పుడో, మక్క కంకుల కుప్ప అడుగు ఊడ్చినప్పుడో అడుగు పొడవున్న పాముపిల్ల ఒకటి బయటపడుతుంది. మర్నాడు అదే చోట ఇంకొకటి కనిపిస్తుంది. తల్లి ఇక్కడే ఎక్కడో ఉంటుందని పెద్దవాళ్లు పిల్లల్ని అటు పోనివ్వరు. ఎంత వెతికినా తల్లి జాడ మాత్రం ఉండదు. పాముపిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చే నాటికి తల్లి జెర్రిపోతు తన దారిన తాను పోయి ఉంటుంది.

మరి ఆ పిల్లకు తిండి ఎవరు పెట్టారు? దాక్కోవడం, ఎలుకను పట్టడం, కోపం వస్తే తోక ఆడించడం ఎవరు నేర్పారు? రోజుల తరబడి ఏమీ తినకుండా అది ఎలా బతుకుతోంది?

ఇవే ప్రశ్నలు వేల మైళ్ల దూరంలో, పెంచుకోవడానికి పాముపిల్లను కొనేవాళ్లకూ ఎదురవుతాయి. అమెరికా తూర్పు, ఆగ్నేయ రాష్ట్రాల్లో, న్యూజెర్సీ నుంచి ఫ్లోరిడా దాకా, మన జెర్రిపోతు చేసే పనే చేసే పాము ఒకటుంది. మక్కలు నిల్వచేసే కొట్టాల దగ్గర తిరుగుతూ ఎలుకలను తింటుంది. అదే కార్న్ స్నేక్. ఒంటి మీద నారింజ, ఎరుపు మచ్చలు, పొట్ట కింద నలుపు తెలుపు గళ్లు ఉంటాయి. విషం లేదు. పెరిగితే మూడు నుంచి ఐదడుగులు. ప్రపంచంలో ఇళ్లలో ఎక్కువగా పెంచే పాముల్లో ఇదొకటి. యూట్యూబ్ పుణ్యమా అని ఇప్పుడు మన పల్లెల్లోని కుర్రాళ్లకూ దీని పేరు తెలుసు. మంచి పిల్లను ఎలా ఎంచుకోవాలి అన్న ప్రశ్నకు వీడియోల్లో దొరికే జవాబు ఎక్కువగా రంగు గురించే ఉంటుంది. అసలు చూడాల్సింది రంగు కాదు. ఎందుకో తెలియాలంటే గుడ్డు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

కదిలించకూడని గుడ్డు

కోడిగుడ్డు పెంకు గట్టిది. పాముగుడ్డు పెంకు తోలులా మెత్తగా, వేలితో నొక్కితే వంగేలా ఉంటుంది. చుట్టూ ఉన్న మట్టిలోంచి ఆ పెంకు తేమను లోపలికి పీల్చుకుంటుంది. అందుకే పెట్టిన రోజు కంటే పొదిగే రోజులు గడిచేకొద్దీ గుడ్డు ఉబ్బి, బరువెక్కుతుంది. చుట్టూ మట్టి ఎండిపోతే సొట్టలు పడి నలిగిపోతుంది. పాములు పుట్టల్లో, కుళ్లిన ఆకుల కింద, గడ్డి అడుగున గుడ్లు పెట్టడానికి కారణం ఇదే. మేలో బయట నలభై డిగ్రీలు దాటి మండిపోతున్నా పుట్ట లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది. పగటికీ రాత్రికీ పెద్ద తేడా ఉండదు.

కోడి తన గుడ్లను రోజూ ముక్కుతో దొర్లిస్తుంది. పాముగుడ్డును అలా దొర్లిస్తే లోపలి పిల్ల చచ్చిపోవచ్చు. కోడిగుడ్డులో పచ్చసొనను రెండు వైపులా మెలితిరిగిన తెల్లటి తాళ్లు పట్టి ఉంచుతాయి. గుడ్డు ఎటు తిరిగినా సొన మీది పిండం పైకే వస్తుంది. పాముగుడ్డులో అలాంటి తాళ్లు లేవు. పెట్టిన కొద్దిసేపట్లోనే పిండం పెంకు పైభాగానికి చేరి, అక్కడి పొరలకు తన రక్తనాళాలను అల్లుకుంటుంది. గాలి అందేది ఆ పొరల గుండానే. గుడ్డు తలకిందులైతే బరువైన పచ్చసొన పిండం మీదికి దిగి ఆ నాళాలను నొక్కేస్తుంది. గోడ తవ్వుతుంటేనో, పుట్ట తొలగిస్తుంటేనో దొరికిన పాముగుడ్లను తీసి పక్కన పెట్టినా వాటి నుంచి పిల్లలు రాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. పాములు పట్టే అనుభవజ్ఞులు గుడ్డు పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ గుర్తు పైకే ఉండేలా తీస్తారు.

కార్న్ స్నేక్ గుడ్లను 27 నుంచి 29 డిగ్రీల మధ్య ఉంచితే రెండు నెలలకు కాస్త అటూ ఇటూగా పిల్లలవుతాయి. చల్లదనం ఎక్కువైతే ఇంకా ఆలస్యమవుతుంది. వేడి మరీ ఎక్కువైతే వెన్ను వంకరపోయిన పిల్లలు పుడతాయి. జెర్రిపోతు గుడ్లకూ దాదాపు రెండు నెలలే పడుతుంది. మొసళ్లు, చాలా రకాల తాబేళ్లలో పిల్ల ఆడో మగో నిర్ణయించేది గూటి వేడి. ఈ పాముల్లో అలా కాదు, అది ముందే జన్యువుల్లో రాసి ఉంటుంది.

తల బయటపెట్టి ఆగిపోతుందెందుకు?

రోజులు నిండిన పిల్లకు పైదవడ ముందు చిన్న పన్ను ఒకటి మొలుస్తుంది. కోడిపిల్ల ముక్కు మీద కనిపించేది కొమ్ములాంటి బుడిపె మాత్రమే. పాముపిల్లది నిజమైన పన్ను. దానితో పెంకును లోపలి నుంచి బ్లేడుతో గీసినట్టు కోస్తుంది. ఒక్కో గుడ్డు మీద ఇలాంటి గాట్లు రెండు మూడు కూడా కనిపిస్తాయి. పని అయిపోయాక కొద్ది రోజుల్లోనే ఆ పన్ను ఊడిపోతుంది.

గాటులోంచి మూతి బయటికొస్తుంది. ఆ తర్వాత చూసేవాళ్లకు ఓపిక నశించేంతసేపు ఏమీ జరగదు. తల మాత్రం బయటపెట్టి, నాలుక ఒకసారి ఆడించి, మళ్లీ లోపలికి లాగేసుకుంటుంది. ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు ఇలాగే ఉంటుంది. పాపం ఇరుక్కుపోయిందని లాగితే మాత్రం చంపినట్టే.

ఆ సమయంలో లోపల రెండు పెద్ద పనులు జరుగుతున్నాయి. ఇన్నాళ్లూ పెంకు పొరల గుండా గాలి పీల్చిన పిల్ల ఇప్పుడు ఊపిరితిత్తితో పీల్చడం మొదలుపెట్టింది. పొరల్లో తిరుగుతున్న రక్తం మెల్లగా ఒంట్లోకి చేరాలి. అదే సమయంలో గుడ్డులో మిగిలిన పచ్చసొన తిత్తి పొట్ట మీది సన్నటి చీలిక గుండా పూర్తిగా లోపలికి పోవాలి. దూరపు ఊరికి బయల్దేరేవాళ్లు సద్ది కట్టుకున్నట్టు, పాముపిల్ల తన తొలి రోజుల తిండిని పొట్టలోనే మూట కట్టుకుని బయటికొస్తుంది. ముందే లాగేస్తే ఆ మూట బయటే ఉండిపోతుంది, నాళాలు తెగి రక్తం కారుతుంది.

పాముపిల్లకు తిండి ఎవరు పెట్టారు అన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ సద్దిమూటే. పాము పాలివ్వదు, పాలు తాగదు, దాని పొట్టకు పాలు అరగవు. పుట్టలో పాలు పోసి దండం పెట్టుకోవడం మన ఆచారం, దానికి నాకే అభ్యంతరమూ లేదు. పాముకు కావలసింది మాత్రం మంచినీళ్లు, ఎలుకలు.

మొదటి కుబుసం

బయటికొచ్చిన కార్న్ స్నేక్ పిల్ల అడుగుకు కాస్త అటూ ఇటూగా, పెన్సిల్ అంత సన్నంగా ఉంటుంది. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. వారం, పది రోజుల్లో దాని కళ్లు పొగచూరినట్టు నీలంగా మసకబారతాయి. పాముకు కనురెప్పలు లేవు. కంటి మీద పారదర్శకమైన పొలుసు ఒకటి అద్దంలా కప్పి ఉంటుంది. పాత చర్మానికీ కింద తయారైన కొత్త చర్మానికీ మధ్య ఒక ద్రవం చేరి రెండింటినీ విడదీస్తుంది. ఆ ద్రవం కంటి పొలుసు కిందా చేరడం వల్లే ఆ నీలి మసక. రెండు మూడు రోజుల్లో మసక పోతుంది, ఆ తర్వాత మూతి దగ్గర మొదలుపెట్టి మేజోడు తిరగేసి విప్పినట్టు కుబుసం మొత్తం విడుస్తుంది.

ఈ మొదటి కుబుసం దాకా పిల్ల సాధారణంగా ఏమీ తినదు. దాని ఆకలి మొదలయ్యేది దీని తర్వాతే. పెంచేవాళ్లు పిల్లను ఉంచిన పెట్టెలో ఒక మూల తడిపిన నాచో, తడి గుడ్డో ఉంచాలి. గాలి పొడిగా ఉంటే తోక చివర, కళ్ల మీద పాత చర్మం అంటుకుపోతుంది. తోక చివర ఉంగరంలా మిగిలిపోయిన ముక్క రక్తాన్ని ఆపేసి ఆ కొసనే రాల్చేయగలదు.

ఎలుకను చూసి మొహం తిప్పుకునే పిల్ల

పాముపిల్లలను పెంచడంలో అసలైన చిక్కు ఇక్కడుంది. ఒకే గూటిలోని పదిహేను పిల్లలకు అప్పుడే పుట్టిన, కళ్లు తెరవని, వెంట్రుకలు లేని చిట్టెలుక పిల్లలను తలా ఒకటి ఇస్తే పది పన్నెండు టక్కున అందుకుంటాయి. మిగిలినవి దాని మీద నాలుక ఆడించి, పక్కకు తిరిగిపోతాయి. వారం ఆగి మళ్లీ ఇచ్చినా అంతే. అదే తల్లి, అవే గుడ్లు, అదే వేడి. తేడా ఎక్కడ?

పాము లోకాన్ని ఎక్కువగా వాసనతోనే చదువుతుంది. ఆ చీలిన నాలుక గాలిలోంచి, నేల మీదనుంచి కణాలను ఏరుకొచ్చి నోటి పైభాగంలో ఉన్న జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. ఏది తిండి, ఏది కాదు అని చెప్పేది అదే. అమెరికా శాస్త్రవేత్త గార్డన్ బర్గార్ట్ 1960లలో ఒక తేలికైన పరీక్ష చేశాడు. పుట్టాక ఇంకా ఒక్కసారి కూడా తినని, గార్టర్ అనే అమెరికా పాము పిల్లల ముందు దూది చుట్టిన పుల్లలు పెట్టాడు. ఒక్కో దూదికి ఒక్కో జంతువు వాసన. తమ జాతి తినే జంతువు వాసన ఉన్న దూదిని పిల్లలు గబగబా నాలుకతో తడిమి, నోటితో కరిచి పట్టుకున్నాయి. వట్టి నీళ్లలో ముంచిన దూదిని పట్టించుకోలేదు. ఎవరూ నేర్పకుండానే, ఏది తినాలో తెలిసే పుట్టాయన్నమాట.

ఆ తర్వాత స్టీవన్ ఆర్నల్డ్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని ఒకే జాతి గార్టర్ పాముల మీద పనిచేశాడు. సముద్రతీరంలోని పాములు పెంకులేని నత్తలను ఇష్టంగా తింటాయి. లోపలి ప్రాంతాల్లో ఆ నత్తలుండవు. లోపలి ప్రాంతపు తల్లులకు ప్రయోగశాలలో పుట్టిన పిల్లలకు నత్త పెడితే చాలామటుకు ముట్టలేదు. తీరప్రాంతపు పిల్లలు మాత్రం తిన్నాయి. ఒకే ఈతలోని పిల్లల మధ్యా తేడాలున్నాయి, కొంతవరకు అవి తల్లిదండ్రుల నుంచి వచ్చేవే.

కార్న్ స్నేక్ పిల్లల సంగతీ ఇలాగే అర్థం చేసుకోవచ్చు. అడవిలో పెన్సిల్ అంత పాముకు దొరికే తిండి ఎలుకలు కాదు, చిన్న బల్లులు, చెట్టుకప్పలు. ఎలుక గూళ్లు దొరకడం అదృష్టం. అందుకే కొన్ని పిల్లలు బల్లి వాసన కోసం వెతుకుతూనే పుడతాయి. అనుభవమున్న పెంపకందార్లు ఎలుకపిల్లను కడిగి, దానికి బల్లి వాసన పట్టించి ఇస్తారు. మొహం తిప్పుకున్న పిల్లే ఠక్కున మింగేస్తుంది. నాలుగైదుసార్లు అలా తిన్నాక వాసన మెల్లగా తగ్గించుకుంటూ పోతే వట్టి ఎలుకకు అలవాటు పడుతుంది. వీటన్నిటికీ ముందు చేయాల్సింది ఇంకొకటుంది: పిల్లను చిన్న డబ్బాలో, దాక్కునే చోటిచ్చి, చీకట్లో వదిలేయడం. పెద్ద గాజు తొట్టిలో నలుగురూ చూస్తుంటే కొత్త పిల్ల తినదు. దాని లెక్కలో కాకి, ముంగిస చూస్తున్న చోట భోజనానికి కూర్చోవడం అది.

అరగడానికి వేడి కావాలి

మన ఒళ్లు తన వేడిని తానే పుట్టించుకుంటుంది. పాము వేడిని బయటినుంచి తెచ్చుకోవాలి. తిన్నది అరిగేదీ ఆ వేడితోనే. చల్లగా ఉంటే కడుపులో రసాలు సరిగా పనిచేయవు. అరిగే లోపే మింగిన ఎలుక లోపల కుళ్లడం మొదలవుతుంది. పాము దాన్ని కక్కేస్తుంది. కక్కేటప్పుడు కడుపులోని ఆమ్లం అన్నవాహికను కాలుస్తుంది, అరిగించే రసాలూ పోతాయి. వెంటనే మళ్లీ తినిపిస్తే మళ్లీ కక్కుతుంది. చిన్నపిల్ల రెండు మూడుసార్లు కక్కితే బతకడం కష్టం. కనీసం పది రోజులు ఆగి, మొదటిదానికంటే చిన్న ముక్క పెట్టాలి.

అందుకని డబ్బాలో ఒక వైపు 29, 30 డిగ్రీలు, రెండో వైపు 24, 25 డిగ్రీలు ఉండేలా చూస్తారు. ఎటు పోవాలో పామే నిర్ణయించుకుంటుంది. కింద పెట్టే హీట్ మ్యాట్‌కు వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి. లేకపోతే పొట్ట కాలుతుంది. ఇవన్నీ చల్లటి దేశాల కోసం రాసిన కొలతలు. మన సిద్దిపేట జిల్లాలో సమస్య తిరగబడుతుంది. ఏప్రిల్, మేలలో రేకుల గదిలో ఉంచిన డబ్బాలో వేడి 40 దాటుతుంది, పాముకు పారిపోయే చల్లని మూలే మిగలదు. డిసెంబరు రాత్రుల్లో మాత్రం వేడి పెట్టాల్సి వస్తుంది.

తిన్న తర్వాత రెండు రోజులు చేత్తో ముట్టకూడదు. ఐదు నుంచి ఏడు రోజులకోసారి, తన ఒంటి లావుకు కాస్త ఎక్కువ లావున్న ఎలుకపిల్ల ఒకటి చాలు. రెండు పిల్లలను ఒకే డబ్బాలో మాత్రం ఉంచకూడదు. ఒకదానికి ఎలుక వాసన అంటితే రెండోది దాన్నే మింగేయవచ్చు.

ఎంచుకునేటప్పుడు

ఇదంతా తెలిశాక ఎంచుకోవడం సులువు. కుబుసం విడిచాక తనంతట తాను కనీసం మూడుసార్లు తిని, కక్కకుండా ఉన్న పిల్ల కావాలి. అమ్మేవాళ్లు తేదీలతో రాసిన చీటీ చూపించాలి, వీలైతే మన కళ్ల ముందే ఒకసారి తినిపించాలి. సద్దిమూటతో పది రోజులు చలాకీగా తిరిగే పిల్ల ఆ తర్వాత అసలు తినకపోవచ్చు. పుట్టిన వారంలోపు పిల్లను కొనడం అంటే దాని ఆకలి సంగతి తెలియకుండా కొనడమే.

తర్వాత ఒళ్లు చూడాలి. తల నుంచి తోక దాకా వేళ్ల మధ్య నుంచి జారనిస్తే వెన్నులో ముడులు, వంకరలు ఉంటే తెలిసిపోతాయి. పొట్ట మీది చీలిక పూర్తిగా మూసుకుపోయి ఉండాలి. మలద్వారం శుభ్రంగా ఉండాలి. నోటి దగ్గర నురగ, ఊపిరి తీస్తుంటే గుర్రుమనే చప్పుడు ఉండకూడదు. కళ్ల చుట్టూ, నీళ్ల గిన్నెలో ఆవగింజ కంటే చిన్న నల్ల చుక్కలు కదులుతుంటే అవి పాము రక్తం తాగే పురుగులు. అలాంటి చోట ఏ పిల్లనూ తీసుకోవద్దు.

చాలామంది పొరబడేది స్వభావం దగ్గర. చేయి పెట్టగానే ఎస్ ఆకారంలో మెడ ముడిచి, తోక టపటపా ఆడిస్తూ కాటుకొచ్చే పిల్లను చూసి పొగరుబోతు అనుకుంటారు. చేతిలో వేలాడిపోయినట్టు పడి ఉండే పిల్లను సాధువు అనుకుంటారు. పెన్సిల్ అంత ప్రాణికి ప్రతి పెద్ద నీడా గద్దే. భయపడడం దానికి ఆరోగ్య లక్షణం. నెలలు గడిచి ఒళ్లు పెరిగేకొద్దీ ఆ భయం తగ్గుతుంది. కదలకుండా పడి ఉండే పిల్లకు ఒంట్లో బాగాలేకపోవచ్చు.

రంగు లెక్క

కార్న్ స్నేక్ చర్మంలో నలుపు, ఎరుపు, పసుపు రంగులనిచ్చే కణాలు వేరువేరుగా ఉంటాయి. 1953లో ఉత్తర కరోలినాలో నలుపు అసలే లేని కార్న్ స్నేక్ ఒకటి దొరికింది. బెర్నార్డ్ బెక్టెల్ అనే వైద్యుడు దాని సంతానాన్ని పెంచి, ఆ గుణం తరాల మధ్య ఎలా నడుస్తుందో తేల్చాడు. ఆ గుణం బయటపడాలంటే పిల్లకు తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ మారిన జన్యువే రావాలి. ఒక్కరి నుంచే వస్తే పిల్ల మామూలు రంగులోనే ఉంటుంది, జన్యువు లోపల దాగి ఉంటుంది.

ఇద్దరు తల్లిదండ్రుల్లోనూ అలా దాగి ఉంటే పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి నలుపు లేకుండా పుడుతుంది. నలుపూ ఎరుపూ రెండూ లేని తెల్లటి పిల్ల కావాలంటే, రెండు జన్యువులూ దాచుకున్న జంటకు అది సగటున పదహారింట ఒకటి. జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఆ నలుపు పోగొట్టే మార్పు ఓసీఏ2 అనే జన్యువులో ఉందని చూపారు. మనుషుల్లో ఒక రకం ఆల్బినిజానికీ ఇదే జన్యువు కారణం.

అప్పుడే పుట్టిన పిల్లల్లో ఎరుపు, పసుపు ఇంకా పూర్తిగా తేరవు. మొదట వెలవెలబోయినట్టున్న పిల్ల ఏడాదిన్నరకు నిప్పులా మెరవవచ్చు. రంగు చూసి పిల్లను ఏరడం అందుకే తొందరపాటు.

జెర్రిపోతు పిల్లను ఇంటికి తెచ్చుకోవచ్చా?

వద్దు. కూడదు కూడా. జెర్రిపోతు, నాగుపాము, కొండచిలువలాంటి మన పాములను పట్టడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. విదేశీ పాము విషయంలోనూ అది దేశంలోకి ఎలా వచ్చిందన్నది ముఖ్యం. బ్యాంకాక్ నుంచి చెన్నైకి వచ్చిన ప్రయాణికుల బ్యాగుల్లో గుడ్డ సంచుల్లో కుక్కిన పాములు, వాటిలో కార్న్ స్నేక్‌లు కూడా, కస్టమ్స్ వాళ్లకు దొరికాయి. సరైన కాగితాలు చూపించలేనివాడి దగ్గర కొనడమంటే ఆ వ్యాపారానికి డబ్బు పెట్టడమే. పైగా ఈ పాము పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. పదో తరగతిలో సరదాగా కొన్న కుర్రాడికి పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా దానికి వారం వారం ఎలుక కావాలి. విసుగొచ్చి శనిగరం చెరువు గట్టున వదిలేయడం ఇంకా పెద్ద తప్పు. కరీబియన్ దీవుల్లో బయటి నుంచి వచ్చిన కార్న్ స్నేక్‌లు అక్కడి బల్లులను, పక్షులను తింటూ స్థిరపడిపోయాయి.

కోహెడ రైతుకు జెర్రిపోతు పిల్ల ఇంట్లో కంటే చేనులోనే ఎక్కువ పనికొస్తుంది. గుడ్లలోంచి బయటికొచ్చిన డజను పిల్లల్లో పెరిగి పెద్దవయ్యేవి కొన్నే. కాకులు, కొంగలు, ముంగిసలు, పిల్లులు, ఆపైన మన కర్రలు. ఆరేడు అడుగులకు ఎదిగిన ఒక్క జెర్రిపోతు వరి మళ్లలో, మక్క చేలలో ఎలుక బొరియల్లోకే దూరి వేటాడుతుంది. ఏ మందూ పోలేని చోటికి అది పోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. పాముపిల్లలన్నీ జెర్రిపోతువి కావు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర పిల్లలకు పుట్టిన రోజునుంచే విషం ఉంటుంది. రక్తపింజర గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలనే కంటుంది, ఒకేసారి ఇరవై, ముప్ఫై పిల్లలు కూడా పుట్టవచ్చు. ఏదో తెలియని పిల్లను చేత్తో ముట్టకూడదు. చిన్నదే కదా అనుకోకూడదు. కాటు పడితే మంత్రాలకు పోకుండా నేరుగా ప్రభుత్వాసుపత్రికి పోవాలి, విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

గడ్డివాము కింద తెల్లటి గుడ్లు కనబడితే వాటిని దొర్లించకుండా, ఉన్నవి ఉన్నట్టే గడ్డితో కప్పేసి, ఇంట్లోని పిల్లలను దూరంగా ఉంచి, అటవీ శాఖ వాళ్లకు కబురు చేయండి. హైదరాబాద్ కేంద్రంగా 1995 నుంచి పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీలాంటి సంస్థల కార్యకర్తలు ఇళ్ల మధ్య దొరికిన పాములను పట్టి, అటవీ శాఖ అనుమతితో జనావాసాలకు దూరంగా వదులుతారు. తప్పనిసరై వాళ్లు గుడ్లను తీసుకెళ్లినా, వాటిలోంచి వచ్చిన పిల్లలకు ఏ శిక్షణా అక్కర్లేదు. పొట్టలో సద్ది ఉండగానే వాటిని తడి నేల, పొదలు, కప్పలు ఉన్న చోట వదిలేస్తే చాలు.